టైర్ల డబ్బు

సాలూరులో లారీ ఉన్న ఇళ్ళలో ఒక డబ్బు ఉంటుంది. అది ఉన్నా లేనట్టే లెక్క. కిరాయి చేతికి రాగానే, ఇంటి ఖర్చు కన్నా ముందే, అందులో కొంత తీసి వేరుగా దాస్తారు. పెళ్ళి వచ్చినా, జబ్బు వచ్చినా దాని జోలికి పోరు. దానిని టైర్ల డబ్బు అంటారు. నరసింగరావు ఇంట్లో అది అతని తల్లి తవిటమ్మ ట్రంకు పెట్టెలో ఉండేది.

విజయనగరంలో పృథ్వీరాజ్ అనే యువకుడు ఆర్థిక కోచ్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఫీజు తీసుకుని, మనిషికి ఏ లక్ష్యం ఉండాలో, దానికోసం డబ్బును ఎలా నడిపించాలో చెబుతాడు. రెండో లారీ కొనాలన్న ఆశతో నరసింగరావు భార్య యమున అతని దగ్గర చేరింది. ఆశపడడం నేరం కాదు. అతడు ఇంటి డబ్బంతా ఆరా తీసి, ట్రంకు పెట్టె దగ్గర ఆగాడు.

"ఇది నిద్రపోతున్న డబ్బు మేడమ్. లేపాలి" అన్నాడు.

లేపి, అయిదేళ్ళ దాకా కదలని ఒక పాలసీలో పడుకోబెట్టాడు.

వానలు పట్టేసరికి లారీ ముందు టైర్లు రెండూ అరిగి నున్నబడ్డాయి. సోమవారం రాయపూర్ లోడు ఉంది. ఆ టైర్లతోనే ఘాట్ రోడ్డు ఎక్కుతానని నరసింగరావు మొండికేశాడు. అత్తాకోడళ్ళు బస్సెక్కి విజయనగరం వెళ్ళారు.

"ఆ టైర్లతోటి ఘాటెక్కితే మా ఆయన తిరిగి రాడు బాబూ. మా డబ్బు మాకిచ్చీ" అంది యమున.

"ఇదే మీ సమస్య మేడమ్. క్రమశిక్షణ లేదు. అయిదేళ్ళు ఆగలేరా?"

"నానాగుతాను. టైరాగుతాదేటి?"

"లోన్ తీసుకోండి. ఫోన్‌లోనే దొరుకుతుంది."

తవిటమ్మ అంతవరకూ అతని కొత్త బల్లను చూస్తూ కూర్చుంది. "ఆ పాలసీ కంపెనీవోలు నీకేటిచ్చినారు బాబూ?" అని అడిగింది.

"అది మీకు సంబంధం లేని విషయం, మామ్మగారూ."

"నా పెట్టిలో డబ్బుతోటి నీకు సంబంధమున్నాది గానీ, నీ జేబులో డబ్బుతోటి నాకు నేదేటి?"

అతడు తలుపు మూసి వచ్చి, గొంతు తగ్గించాడు. ఆదివారం సాలూరులో లారీ ఓనర్ల కుటుంబాలకు తన సదస్సు ఉందన్నాడు. యమున వేదిక ఎక్కి, తన సలహాతో బతుకు ఎలా మారిందో రెండు మాటలు చెబితే చాలునన్నాడు. "టైర్లు నా సొంత డబ్బుతో కొనిపెడతాను" అన్నాడు.

ఇది లంచం. దీనికి మరో పేరు లేదు.

తిరుగు బస్సు రామభద్రపురం దాటింది.

"సెప్తావేటే?" అంది తవిటమ్మ.

"నాకు మొగుడు కావాలత్తా."

"నాకు మాత్రం కొడుకొద్దేటి? మరి నీ మాటినీసి డబ్బు తెచ్చిచ్చినోల మొగుళ్ళో?"

యమున కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆదివారం హాలు ఆడవాళ్ళతో నిండింది. పృథ్వీరాజ్ యమున పేరును గట్టిగా చదివి, మైకు ఆమె చేతికిచ్చి చప్పట్లు కొట్టాడు.

"ఈ బాబు వల్ల మా బతుకు మారినాది" అంది యమున. అతడు చిరునవ్వు నవ్వాడు. "ఇంట్లో టైర్ల డబ్బున్నోలు సెయ్యెత్తండి."

హాలంతా చేతులు లేచాయి.

"ఈ బాబు వొచ్చింది ఆ డబ్బుకే. మాది పట్టుకుపోనాడు. నన్ను పొగుడు, టైర్లు కొంతానన్నాడు. నాను పొగడను. ఆ టైర్లూ నాకొద్దు."

పృథ్వీరాజ్ మైకు లాక్కున్నాడు. "చూశారా? ఆర్థిక అజ్ఞానం అంటే ఇదే!"

"ఓలమ్మ! మనకి గేనం నేదంటన్నాడర్రా!" అని వెనక వరుసలోంచి ఎవరో అరిచారు. కుర్చీలు కదిలాయి. అతడు సంచీ కూడా తీసుకోకుండా బయటికి నడిచాడు. అప్పటికే అతని కారు వెనుక తవిటమ్మ నిలబడి ఉంది. చూస్తుండగానే ఆమె చుట్టూ ఆడవాళ్ళు చేరారు.

"డిక్కీ తియ్యి."

"ఎందుకు?"

"తియ్యమంటన్నాను."

తీశాడు. లోపల స్టెప్నీ ఉంది. నేల తాకని కొత్త చక్రం.

"ఇదెప్పుడైనా తిరిగినాదా బాబూ?"

"లేదు."

"ఐతే నిద్రపోతన్నాది. దించండర్రా."

ఇద్దరు దానిని ఎత్తి కింద పెట్టారు.

"అది స్టెప్నీ! దారిలో పంచరైతే నేనేం కావాలి?" ఆ రోజు అతడు పలికిన మొదటి నిజమైన మాట అది.

"నా పెట్టిలో డబ్బూ అదే కదేటి" అంది తవిటమ్మ. "కంపెనీ కాడ తిన్నది తెచ్చి మాకిచ్చి, దీన్ని పట్టుకెల్లు."

అతడు చుట్టూ చూశాడు. ఎవరూ దారి ఇవ్వలేదు, ఎవరూ అతని మీద చెయ్యి వేయలేదు. అతడు కారెక్కి హారన్ కొట్టాక వాళ్ళు తప్పుకున్నారు. గుంటలు చూసుకుంటూ మెల్లగా వెళ్ళిపోయాడు.

సోమవారం లోడు మరొకరి లారీకి పోయింది. టైర్లు అరిగిన సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది కనుక నరసింగరావు మొండితనం సాగలేదు. ఇంకొకరి బండికి డ్రైవరుగా వెళ్ళాడు. స్టెప్నీ లాక్కోవడం దొంగతనమని కొందరన్నారు. చట్టం దృష్టిలో కావచ్చు. కానీ పృథ్వీరాజ్ ఇంతవరకూ పోలీసు స్టేషను మెట్టెక్కలేదు. ఎక్కితే అది ఎందుకు పోయిందో చెప్పవలసి వస్తుంది.

ఆ చక్రం తవిటమ్మ ఇంటి గోడకు ఆనించి ఉంది. రోజూ పొద్దున్నే ఆమె దానిమీద దుమ్ము తుడుస్తుంది. తన దగ్గర ఉంచుకున్న పరుల సొత్తు పాడు కాకూడదు కదా.