సీనప్ప వేసిన తాళాలు

మూడో బీరువాకు తాళం వేసి, చెవి బయటికి లాగి, సీనప్ప పిడి పట్టుకుని రెండుసార్లు గుంజి చూశాడు. తలుపు కదల్లేదు. అయినా మనసొప్పక ఇంకోసారి గుంజాడు. లోపల ఉన్నవి పాత కాగితాలే తప్ప బంగారం కాదని ఆయనకూ తెలుసు. కానీ తెరిచినదాన్ని మూయకుండా వదిలేస్తే ఆయనకు అన్నం సయించదు.

తమిళనాట నల్లంపల్లి రోడ్డులో ఉన్న ఆ మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో రికార్డు గది ఆయనది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏళ్ళ తరబడి కాగితాల దుమ్ము పీల్చి ముక్కు కొస ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. తాళంచెవులు తిప్పీ తిప్పీ కుడిచేతి బొటనవేలికి కాయ కాసింది. చెవుల గుత్తిని పసుపురంగు నూలుతాడుకు కట్టి నడుముకు చుట్టుకునేవాడు. స్నానానికి పోయినా, పడుకున్నా అది అక్కడే. నన్ను చేసుకునేదానికి ముందే ఈయనకు ఈ తాడుతో పెండ్లయిపోయిందని భార్య పాపక్క చుట్టాలందరి ముందూ ఆటపట్టించేది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఒకసారి పాపారపట్టిలో బావమరిది పెళ్ళికి పోయి, విస్తరి ముందు కూర్చుని, పప్పన్నం కలుపుకుంటుండగా ఫ్యాక్టరీ జీపు వచ్చింది. బాయిలరు తనిఖీకి ఆఫీసరు వచ్చాడట, కాగితం దొరకడం లేదట. కలిపిన ముద్ద కలిపినట్టే వదిలి, చెయ్యి కడుక్కుని జీపెక్కాడు. అప్పటి నుంచి అత్తవారి వైపు ఏ శుభకార్యమైనా జీపు వచ్చేలోగా తినేస్తాడని మొదటి విస్తరి ఆయనకే వేసేవాళ్ళు. సీనప్ప నవ్వుతూనే తినేవాడు. చెవులు మాత్రం రోడ్డు మీదే ఉండేవి.

ఇప్పుడు ఆయన వయసు యాభై దాటింది. పాలకోడు పక్కన పాపక్క పుట్టింటివాళ్ళిచ్చిన కొంత నేలా, నీళ్ళున్న బావీ ఉన్నాయి. తక్కాళి వేశారు. ఆ ఊళ్ళల్లో టమాటను తెలుగువాళ్ళు కూడా తక్కాళి అనే అంటారు. రేపు మొదటి కోత. పాపక్క పోయినవారమే అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాన్లు ట్రాక్టరుకెక్కించి, ముందు వెళ్ళిపోయింది. సీనప్ప బస్టాండు దగ్గర మేడమీది గదిలో ఒక చాపా ఒక సంచీతో ఉంటున్నాడు. ఉద్యోగం మానేస్తానని ఆయన చెప్పడం ఇది మొదటిసారి కాదు. చెప్పినప్పుడల్లా మేనేజరు వెంకటేశన్ ఒకే మాట అనేవాడు: ఈ సీజన్ కానీ. మామిడి సీజన్ అయ్యాక ఆడిటు వచ్చేది, ఆడిటు అయ్యాక మళ్ళీ మామిడి పూత వచ్చేది. సీనప్ప మాత్రం అక్కడే ఉండేవాడు.

ఈసారి వెంకటేశన్ మాట ఇచ్చాడు, అదీ ఒక మెలిక పెట్టి. కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టిన డాక్యుమెంట్ సిస్టం ఒకటి కంప్యూటర్లలో రెండేళ్ళుగా ఉంది. ఉద్యోగులంతా మాట్లాడుకోవడానికి పోయిన సంవత్సరం, అంటే రెండువేల ఎనిమిదిలో, కంపెనీ ఇంకో పేజీ పెట్టింది. దానికి అందరూ గోడ అని పేరు పెట్టుకున్నారు. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో తమిళం రాసుకునేవాళ్ళు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని తోడికోడళ్ళలా ఉండేవి. కాగితం కావాలంటే సిస్టంలో వెతికే ఓపిక ఎవరికీ లేదు. గోడ మీద సీనప్పన్నా ఫలానా కాగితం అని ఒక ముక్క రాసి పడేసేవాళ్ళు. గోడ వచ్చాక ఆయన పని తగ్గుతుందనుకుంటే రెండింతలైంది. అందుకే రెండింటినీ కలపడానికి హోసూరు నుంచి మోనిష అనే అమ్మాయిని పిలిపించారు. ఇకమీదట గోడ మీద అడిగితే సిస్టంలోంచి కాగితం తనంతట తానే వచ్చి అక్కడే తెరుచుకోవాలి. ఈ రోజు సాయంత్రం దాకా సీనప్పను అడగకుండా పని నడిస్తే ఆయన్ను వదిలేస్తానని, నడవకపోతే ఈ సీజన్ కూడా ఉండాలని వెంకటేశన్ తేల్చాడు.

అందుకని ఆ పొద్దున సీనప్ప తన గదిలో దొంగలా కూర్చున్నాడు. ఎవరైనా వచ్చి నోరు తెరిచి అడుగుతారేమోనని ఆయన భయం. స్టోర్స్ మాదేశన్ అలవాటు కొద్దీ టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి ఏదో అనబోయాడు. సీనప్ప పెదవుల మీద వేలు పెట్టి, అదే వేలితో కంప్యూటరు చూపించాడు. మాదేశన్ నవ్వాపుకుంటూ వెనక్కి తిరిగాడు. కాసేపటికి అతని ప్రశ్న గోడ మీద కనిపించింది, దాని కిందే డబ్బాల కొలతల కాగితం వచ్చి వాలింది. మాదేశన్ దాని కింద నవ్వుమొహం బొమ్మ ఒకటి పెట్టాడు. సీనప్పకు లేచి ఎగరాలనిపించింది. ఎగిరే వయసు కాదు గనక మోకాళ్ళు రుద్దుకుని ఊరుకున్నాడు.

మధ్యాహ్నం దాకా అంతా సాఫీగా నడిచింది. బాయిలరు వాళ్ళు అడిగారు, వచ్చింది. గోడౌను వాళ్ళు అడిగారు, వచ్చింది. మోనిష ఎదురు బల్ల దగ్గర కూర్చుని, జడ ముందుకు వేసుకుని, వచ్చిన ప్రతిదాన్నీ చూసుకుంటోంది. ఆమె ఇంట్లోనూ తెలుగే. వచ్చిన మొదటి రోజే అది తెలిసి సీనప్ప తన డబ్బాలోని రాగిముద్దలో సగం ఆమెకు పెట్టాడు. ఈ ఊళ్ళో బయట తమిళం తప్ప మాట్లాడని మనిషికి ఆఫీసులో ఇంటిమాట వినపడితే ప్రాణం లేచివస్తుంది.

గుజ్జు కొనే విదేశీ కంపెనీ తరఫున చెన్నై నుంచి ఒక తనిఖీదారు వచ్చాక కథ అడ్డం తిరిగింది. ఆయన ల్యాబులో కూర్చుని పాత బోరునీటి పరీక్ష రిపోర్టు అడిగాడు. ల్యాబు కమలవేణి గోడ మీద రాసింది. కాగితం పేరు వచ్చింది. నొక్కితే తెరుచుకోలేదు. తెరవడానికి అనుమతి లేదు, సీనప్పను సంప్రదించండి అని వచ్చింది. ఆమె ఇంకో సంవత్సరం రిపోర్టు అడిగింది. దానికీ సీనప్పను సంప్రదించండి. ఇంతకుముందు మనుషులు పిలిచేవాళ్ళు, ఇప్పుడు యంత్రం కూడా నేర్చుకుంది.

గోడ మీద ఆ మాట సీనప్పా చూశాడు. ఆ రిపోర్టు రెండో బీరువాలో, కింది అరలో, నీలం అట్టలో ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు, చేతికొస్తుంది. లేస్తే మాత్రం ఈ సీజనంతా ఇక్కడే. అక్కడ పాపక్క ఒక్కతే గంపలు మోస్తుంది. బల్ల అంచు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గర చెవుల గుత్తి మీదికి పోయింది.

అంతలో వెంకటేశన్ వచ్చాడు. ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. పదిమందిలో తమిళమే మాట్లాడే ఆ మనిషి కోపంలో తెలుగులోకి దిగాడు. ఏమి కలిపినావమ్మా నువ్వు, అడిగినవాళ్ళ ముందర పరువు తీసినావు కదా అని మోనిష మీద లేచాడు. పొద్దున నుంచి పనిచేసింది ఒక్కసారిగా ఎట్లా ఆగిందో ఆ అమ్మాయికీ అర్థం కాలేదు. ముఖం కందిపోయింది. ఏవేవో తెరిచి చూస్తోంది.

సీనప్ప ఇక ఆగలేక లేచి వచ్చి, ఆమె భుజం మీదుగా తెర వైపు చూశాడు. సిస్టంలో కాగితాలు సర్దిన ప్రతి అర పక్కనా ఒక మూల చిన్న తాళం బొమ్మ. కొన్ని తెరిచి ఉన్నాయి, చాలా మూసి ఉన్నాయి. చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది. కాగితాలు సరిగా ఎక్కాయో లేదో చూడమని పోయిన వారం మోనిష ఆయనను ఈ తెర ముందు కూర్చోబెట్టింది. ఆయన ఒక్కో అరా తెరిచాడు, లోపల చూశాడు, బయటికి వస్తూ ఆ తాళం బొమ్మను నొక్కాడు. ఒక్కొక్కదాన్నీ రెండోసారి తేరిపార చూసి, తాళం పడిందని నమ్మకం కుదిరాకే ముందుకు పోయాడు. పొద్దున నుంచి వచ్చిన కాగితాలన్నీ ఆయన చూడ్డానికి తీరిక దొరకని అరల్లోవి.

నోరు మూసుకుంటే ఆ అమ్మాయి మీద పడుతుంది. తెరిస్తే తన మీద పడుతుంది. సీనప్ప ఉద్యోగం మొత్తంలో అంత పెద్ద నిర్ణయం ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు. అయినా ఎక్కువసేపు పట్టలేదు.

"ఆ పాప తప్పు కాదు సార్. బీగాలు ఏసింది నేనే," అన్నాడు.

వెంకటేశన్ ఇటు తిరిగాడు. "నువ్వా? ఏమిటికి ఏసినావు?"

"తెరిచినాను కదా సార్. మూయొద్దా?"

మొదట మోనిషకు నవ్వొచ్చింది. చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటేశన్ నవ్వకూడదని చాలా ప్రయత్నించాడు గానీ మీసాలు ఆగలేదు. ఆయన కోపం ఎప్పుడూ పాలపొంగే, పొయ్యి మీంచి దించితే చాలు.

అన్నీ ఒకేసారి తీసేయొచ్చనీ, ఆయన పేరు మీద వేసినవి గనక ఆయనే సరే అనాలనీ మోనిష చెప్పింది. "నొక్కన్నా," అని మౌసు ఆయన వైపు జరిపింది. కాయ కాసిన బొటనవేలు పనికిరాలేదు. చూపుడువేలితో మెల్లగా నొక్కాడు. తెర మీద వరుసగా ఉన్న తాళాలన్నీ ఒక్క దెబ్బకు తెరుచుకున్నాయి. ఏదో బరువు దిగినట్టు సీనప్పకు పెద్దగా ఊపిరి వచ్చింది. ఇన్నేళ్ళూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

ల్యాబులో నీటి రిపోర్టు తెరుచుకుంది. కానీ మాట మాటే కదా. యంత్రమే అయినా ఆయన పేరు పిలిచింది, ఆయన లేస్తే తప్ప పని జరగలేదు. వెంకటేశన్ గడ్డం గోక్కుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. సీనప్ప ఆయన ముఖంలోకి చూడలేక నేల చూశాడు. ఈ సీజన్ కానీ అనే మాట ఇంకాసేపట్లో వినాలని గుండె దిటవు చేసుకుంటున్నాడు.

అప్పుడు గోడ మీద కమలవేణి మళ్ళీ రాసింది. గాలివానకు షెడ్డు రేకులు లేచిపోయిన ఏడాది వాటిని బాగుచేయించిన కాగితం తనిఖీదారు అడుగుతున్నాడు, దాన్ని ఏమంటారో తెలియడం లేదు అని. నిజానికి దాని అసలు పేరు చెబితే ఎవరికీ తలకెక్కదు. సీనప్ప పెదవులు విచ్చుకున్నాయి. ఆయన మాట బయటికి రాకముందే గోడ మీద కాగితం వచ్చి వాలింది. పెట్టినవాడు స్టోర్స్ మాదేశన్. ఆ రేకులు నేనే దించుకున్నాను, అందుకే గుర్తు అని కింద రాశాడు. దాని కింద గోడౌను వాళ్ళలో ఒకరు, ఆ రోజు తన సైకిలు కూడా ఎగిరిపోయిందని రాశారు. ఇంకెవరో నవ్వారు. ఒకరిని చూసి ఒకరు రాస్తూనే ఉన్నారు. సీనప్పను ఎవరూ పిలవలేదు.

వెంకటేశన్ తెరనూ, సీనప్పనూ మార్చి మార్చి చూశాడు.

"ఇంగ పోయిరా సీనప్పా," అన్నాడు. "మీ తక్కాళి ఒక గంప నాకు పంపించు."

సీనప్ప రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇన్నేళ్ళు చేసిన కొలువు వదిలిపోతున్నందుకు లోపల ఎక్కడైనా నొప్పి ఉందేమోనని తనను తాను తడుముకున్నాడు. ఆకలి తప్ప ఏమీ తగల్లేదు. పొద్దున హోటల్లో కట్టించుకున్న డబ్బా మధ్యాహ్నం తెరవడమే మరిచిపోయాడు. మోనిషనూ పిలిచి, ముద్ద చెరిసగం చేసి, మొదటిసారిగా రోడ్డు వైపు చెవి పెట్టకుండా నిదానంగా తిన్నాడు.

పొద్దు వాలుతుండగా బస్టాండులో పాలకోడు బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చోగానే పాపక్క ఫోను చేసింది.

"వస్తాండావా?"

"వస్తాండాను."

"నడుమ జీపు వస్తే?"

"రాదు. కోతకు గంపలు చాలునా, ఇంకా తేవాల్నా?"

గంపలున్నాయి, నువ్వొస్తే చాలు అంది ఆమె. బస్సు కదిలింది. సీనప్ప అలవాటుగా నడుము తడుముకున్నాడు. అక్కడ చొక్కా తప్ప ఏమీ లేదు. బయటి నుంచి గాలి వస్తోంది. ఊరు దాటకముందే నిద్రపోయాడు.

రికార్డు గదిలో ఆయన పోతూ పోతూ బీరువాల తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టాడు. పక్కనున్న మేకుకు చెవుల గుత్తి వేలాడుతోంది. పసుపురంగు వెలిసిన నూలుతాడు ఇంకా ఆయన నడుము చుట్టుకొలతలోనే గుండ్రంగా నిలిచి ఉంది.