మొదటి ఆప్షన్

వేసవిలో పాఠాలుండవు కాబట్టి ఆ ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు లెక్చరర్లను ఊళ్ళ మీదకి తోలేవారు. ఎంసెట్ రాసిన పిల్లల ఇళ్ళకి వెళ్ళాలి, పెద్దవాళ్ళని ఒప్పించాలి, పిల్లల్ని చేర్పించాలి. చేర్పించలేనివాళ్ళకి జీతం ఆగిపోతుంది. సారిక అక్కడే చదివి, ఎంటెక్ చేసి, అక్కడే లెక్చరరుగా చేరి ఏడాదయింది. వాళ్ళ నాన్న ఏసుపాదం రామచంద్రపురం దగ్గర పల్లెలో పొలం కూలీ. తమ పేటలో అంత చదువు చదివిన మొదటి పిల్ల తనేనన్న గర్వం ఆమెకి లోలోపల ఉండేది గానీ, ఈ ఇల్లిల్లూ తిరగడం మాత్రం మొదటి రోజు నుంచీ గిట్టలేదు.

ఆ ఉదయం అడ్మిషన్ల ఆఫీసరు సురేష్‌బాబు ఆమెని కారెక్కించుకుని, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక ఊరికి తీసుకెళ్ళాడు. అక్కడ దుర్గాశ్రీ అనే అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చింది. తండ్రి గంగరాజు కొబ్బరికాయలు ఒలిచే కూలీ. తల్లి లేని పిల్లని నాయనమ్మ పాపాయి పెంచింది.

సురేష్‌బాబు వెళ్తూనే ముసలామె కాళ్ళకి వంగి దండం పెట్టాడు. ఆవిడ కంగారుపడి కాళ్ళు వెనక్కి లాక్కుంది. అతను మజ్జిగ అడిగి మరీ పుచ్చుకుని, "అచ్చం మా అమ్మ కలిపినట్టే ఉందండి" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వారంలో ప్రతి ఇంట్లోనూ అతను అదే మాట అనడం, అక్కడే కళ్ళు తుడుచుకోవడం సారిక చూస్తూనే ఉంది.

"ఈ మేడమ్‌ని చూడండి గంగరాజుగారూ. వీళ్ళ నాన్నగారూ మీలాగే రెక్కల కష్టం మీద బతికినాయనే. ఇవాళ ఈవిడ లెక్చరరు. అంతా మా కాలేజీ చలవండి. చెప్పండి మేడమ్."

సంతలో పశువు పళ్ళు చూపించినట్టు తనని చూపిస్తున్నాడు. సారికకి ఒళ్ళంతా కంపరమెత్తింది. "బాగా చదువుకోమ్మా" అని మాత్రం అంది.

దుర్గాశ్రీ బెరుకు లేకుండా అడిగింది. "మేడమ్, నా ర్యాంకుకి కాకినాడ గవర్నమెంటు కాలేజీలో సీటు వస్తుందాండీ?"

వస్తుంది. సారికకి ఆ సంగతి తెలుసు. నోరు తెరిచేలోపు సురేష్‌బాబు అందుకున్నాడు.

"ఈ ర్యాంకుకి అక్కడ రాదమ్మా. వచ్చినా హాస్టల్లో ఉండాలి. ఆడపిల్లని అంత దూరం పంపి, రేపేదైనా జరిగితే ఎవరిని అడుగుతారండీ గంగరాజుగారూ? మా బస్సయితే మీ వీధి చివరికే వస్తుంది."

గంగరాజు మొహం మారిపోయింది. ఓటీపీ వస్తుంది చెప్పండి అంటే, ఏకంగా ఫోనే తీసి అతని చేతిలో పెట్టేశాడు. సురేష్‌బాబు అందులోనే కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు నింపేస్తుంటే సారిక పక్కనే కూర్చుని చూసింది. మొదటి ఆప్షన్ తమ కాలేజీ. దాని కింద ఇంకేమీ లేదు.

ఊరు దాటగానే సురేష్‌బాబు కారు అద్దం దించి, నీళ్ళు పుక్కిలించి ఉమ్మేశాడు. "ఏ చెంబులో కలిపిందో ఏంటో!" అని, చేతులకి శానిటైజర్ రాసుకున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి ఆప్యాయంగా నవ్వాడు.

"మీ ఇంటికీ నేనే వచ్చాను మేడమ్, గుర్తుందా? నిజానికి మీకూ ఆ ఏడు కాకినాడలో సీటొచ్చేది. మీ నాన్నగారు ఫోనిచ్చారు, నేను మన కాలేజీ ఒక్కటే పెట్టేశాను. లేకపోతే మీలాంటి మనిషి మాకు దొరికేవారా?"

మెచ్చుకుంటున్నాననే అతను అనుకుంటున్నాడు.

ర్యాంకు చాల్లేదని ఆ ఏడు సారిక అన్నం మానేసి ఏడ్చింది. "ప్రభువు చూపించిన కాలేజీ ఇదేనమ్మా" అని ఏసుపాదం ఓదార్చాడు. అప్పటి నుంచి కుటుంబ ప్రార్థనలో ఆయన సురేష్‌బాబు పేరు తలుచుకోని రోజు లేదు. క్రిస్మస్‌కి కేకు పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చేవాడు.

"కారాపండి" అంది సారిక. కాలవ గట్టున దిగి, తిన్నదంతా కక్కేసింది.

"ఎండదెబ్బ మేడమ్, ఓఆర్ఎస్ తాగండి" అన్నాడు సురేష్‌బాబు కారులోంచి.

"మీరెళ్ళండి."

ఆమె ఆటో ఎక్కి మళ్ళీ గంగరాజు ఇంటికే వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. గంగరాజు నమ్మలేదు.

"ఇందాక ఆయన పక్కనే కూర్చున్నారు కదండీ. అప్పుడెందుకు చెప్పలేదు?"

"జీతం పోతుందనండి." ఆ మాట అంటుంటే ఆమెకి తన నోరే రోతగా అనిపించింది.

పాపాయి గోడకి చేరగిలబడి అంది. "ఆడు కాళ్ళట్టుకున్నప్పుడే అనుకున్నాన్రా. మనలాంటోళ్ళ కాళ్ళు ఊరికే ఎవడట్టుకుంటాడు?"

ఆప్షన్లు మార్చుదామని చూస్తే, లాగిన్ పాస్‌వర్డ్ సురేష్‌బాబు అప్పుడే మార్చేశాడు. మర్నాడు సారిక తండ్రినీ కూతురినీ తీసుకుని కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ సెంటరుకి వెళ్ళింది. గడువు ఇంకా ఉంది కాబట్టి అక్కడివాళ్ళు కొత్త పాస్‌వర్డ్ ఇప్పించారు. ఈసారి దుర్గాశ్రీ తనే కూర్చుని ఆప్షన్లు పెట్టుకుంది. కాకినాడలో సీటొచ్చింది.

సంగతి కాలేజీకి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రిన్సిపాల్ ఆమెని నిలబెట్టే మాట్లాడాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి మీకు చదువుతో పోలేదు." 'మీకు' అని తన పేటనంతా కలిపి నొక్కాడని ఆమెకి తెలిసింది. ఉద్యోగం పోయింది. చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వనన్నాడు.

తండ్రికి చెప్పడమే అన్నిటికన్నా కష్టమయింది.

"ఫోను నేనే కదమ్మా ఇచ్చింది" అన్నాడు ఏసుపాదం, అంతా విని.

"మీకేం తెలుసు నాన్నా!"

"తెలీదనే కదా వచ్చాడు."

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెప్పే వేళ ఏసుపాదం లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నలుగురిలో నోరెత్తని మనిషి. జరిగిందంతా చెప్పాడు. కాలేజీలకి పిల్లల పేర్లు అందించి కమీషన్ తీసుకునే ఒక సంఘ పెద్ద, "ఇవన్నీ గుడిలో ఎందుకయ్యా?" అని విసుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కూర్చున్నారు. ఆరాధన అయ్యాక కొందరు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని సారిక దగ్గరికొచ్చారు. ఆమె వరండాలోనే కూర్చుని, ఎవరి ర్యాంకుకి ఎక్కడ సీటొస్తుందో చెబుతూ మధ్యాహ్నం దాకా ఉండిపోయింది.

సర్టిఫికెట్ల కోసం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టింది. అవి ఇంకా రాలేదు. వేరే కాలేజీలవాళ్ళు ఒరిజినల్స్ లేవని పంపించేస్తున్నారు.

మొన్న సురేష్‌బాబు ఫోన్ చేశాడు. "నాన్నగారు బాగున్నారా మేడమ్? మీరు ప్రిన్సిపాల్ సర్‌కి ఒక్క సారీ చెప్పేయండి. సోమవారం నుంచి రెండో విడత అడ్మిషన్లు, కారు పంపిస్తాను" అన్నాడు, ఏమీ జరగనట్టు, అదే తీపి గొంతుతో.

సారిక ఫోన్ పెట్టేసి, దాన్ని చున్నీతో గట్టిగా తుడిచింది.