నాగమల్లేశ్వరి కొంగుముడి

దేశ రాజధానిలో, బేర్ సరాయ్ సందులో నాగమల్లేశ్వరి మెస్సు పొద్దున ఏడింటికల్లా తెరుచుకునేది. మొదటి ఇడ్లీ ప్లేటుకి మాత్రం నోటే ఇవ్వాలి. ఫోన్లో పడే డబ్బును కళ్ళకెలా అద్దుకుంటారు చెప్పండి, బోణీ అన్నాక?

ఆవిడ డబ్బంతా కొంగుముడిలోనే. మోసం దగ్గరికొస్తే ఆ ముడి విడదు. కూరగాయల భయ్యా తూకం తగ్గించిన రోజున ఎంత లాగినా రాదు. "అచ్ఛా దీదీ, ముడి ఒప్పుకోలేదా?" అంటూ అతను ఇంకో రెండు ఉల్లిపాయలు వేసేవాడు. సందులో ఎవరికీ అది వింత కాదు.

అలాంటి మనిషి, మెస్సులో తినే ప్రవల్లిక పోరు పడలేక ఆరేళ్ళ కష్టాన్ని బ్యాంకులో వేసింది. మెస్సు పెంచుకోడానికి చూసుకున్న పక్క గదికి అడ్వాన్సు ఫోన్లోనే పంపాలని, ఇవాళ పన్నెండు దాటితే గది జ్యూసు కొట్టుకిచ్చేస్తానని గుర్గావ్‌లో ఉండే యజమాని చెప్పేశాడు. పిన్ను నోటికి రాక, చీటీ మీద రాయించుకుని కొంగున ముడేసుకుంది.

పదకొండున్నరకి ఫోన్ మోగింది.

"పిన్నీ, బ్యాంకు నుంచి. మీ ఖాతా ఇప్పుడే బంద్ అయిపోద్ది. పిన్ను చెప్తే ఆపుతా. మాదీ నరసరావుపేటే."

హిందీలో అడిగుంటే ఠక్కున పెట్టేసేదే. సొంతూరి యాస వినేసరికి ప్రాణం లేచొచ్చింది.

"ఉండు నాయనా, చెప్తా."

ముడి రాలేదు. గోళ్ళతో పీకింది, పళ్ళతో లాగింది. ఒళ్ళంతా చెమటలు.

"తొందరగా పిన్నీ! మొత్తం పోద్ది!"

"ఇవాళే దొరికిందా నీకు పంతం?" అని ముడిని తిడుతూ కత్తి అందుకుంది. అంతలో ఉల్లిపాయలు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

"మా ఊరి పిల్లోడివేగా నాయనా? మరి ఈ ముడెందుకు రానంటోంది?"

అవతలివాడు ఓ బూతు తిట్టి పెట్టేశాడు.

నాగమల్లేశ్వరి బెంచీ మీద కూలబడింది. ప్రవల్లిక వచ్చేసరికి పన్నెండుకి పది నిమిషాలే ఉంది.

"పంపారా ఆంటీ?"

"నా వల్ల కాదమ్మా. పోతే గదే పోనీ."

"ఫోన్లో పేరు చూడండి, మీ యజమానిదే."

"పేరుదేముంది! ఇందాక ఫోన్ చేసినవాడూ మా ఊరేనన్నాడు." చెప్తుంటే ఏడుపొచ్చేసింది.

కళ్ళు తుడుచుకోబోతే కొంగు తేలిగ్గా జారింది. ముడి తనంతట తానే విడిపోయి, చీటీ ఒళ్ళో పడి ఉంది. ఒక్కొక్క అంకే నొక్కింది, ప్రవల్లికక్కూడా కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ. పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా యజమాని ఫోన్ చేశాడు. "మిల్ గయా దీదీ, డబ్బందింది. గది మీదే."

మర్నాడు బోణీ ప్రవల్లిక ఫోన్లోనే ఇచ్చింది. నాగమల్లేశ్వరి కొంగు తడిమి చూసుకుంది. తర్వాత ఆ ఫోన్నే రెండు కళ్ళకీ అద్దుకుని, ఇడ్లీలు వడ్డించింది.