సీట్ల మధ్య పెట్టె

"ఈ కారులో అది కుదరదు" అని భర్త అన్నప్పుడు ఆమె వెనక సీటు కిందకి చేయి దూర్చి బిస్కెట్టు పొడి తుడుస్తోంది. ఆదివారం కారు శుభ్రం చేయడం ఆమె వంతు. వంతు అన్నది ఎప్పుడో ఒకసారి మరొకరికి కూడా వచ్చేది. ఇది ఎన్నడూ చేయి మారలేదు కనుక దీన్ని వేరే మాటతో పిలవాలి. ఆ ఇంట్లో ఆ వేరే మాట వాడుకలో లేదు.

ఆమె అడిగింది చిన్న విషయం. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన మ్యూజిక్ ప్లేయరు ఒకటి తన దగ్గరుంది, దాన్ని కారు స్టీరియోకి కలపవచ్చా అని. భర్త టీ కప్పుతో గుమ్మంలో నిలబడి, ఒక గుటక మింగినంత సేపు కూడా ఆలోచించకుండా తీర్పు చెప్పాడు. కంపెనీవాడు బిగించిన స్టీరియో అది, సీడీ వేసుకోవాలి లేదా రేడియో పెట్టుకోవాలి, వైర్లు కెలికితే ఉన్నది కూడా పోతుంది. లోపలికి వెళ్లబోతూ ఆగి, మధ్య పెట్టె జోలికి మాత్రం వెళ్లవద్దని, అందులో తన కాగితాలున్నాయని గుర్తు చేశాడు. ముందు సీట్ల మధ్య మోచేయి ఆనించుకునే పెట్టె అది. కారంతా లోపలా బయటా తుడిచే ఆమె ఆ పెట్టెను మాత్రం మూత వరకే తుడుస్తుంది.

ప్లేయరు పంపింది ఆమెకు సంగీతం నేర్పిన టీచరు. పాత సామాను సర్దుతుంటే ఒక క్యాసెట్టు దొరికిందట; పెళ్లికి ముందు, ఇరవై రెండేళ్ల వయసులో ఈమె పాడినది. దాన్ని ఈ యంత్రంలోకి ఎక్కించి పంపి, ఆ వెంటనే ఫోన్ చేసింది. శనివారం సాయంత్రం పిల్లలకు పాఠం చెప్పడానికి తన మోకాళ్లు, గొంతు రెండూ సహకరించడం లేదు, ఆ తరగతి నువ్వు తీసుకుంటావా అని అడిగింది. ఈమె నవ్వేసింది. "నా గొంతు ఎప్పుడో పోయింది టీచర్."

"పోయిందని ఎవరన్నారు? నువ్వు విన్నావా?"

"వినాల్సిన పనేముంది, తెలుస్తుందిగా."

"వినకుండా తెలిసేదాన్ని తెలియడం అనరే పిచ్చిదానా. ముందు ఆ పాట విను. గొంతు సంగతి వదిలెయ్, ఊపిరి ఎక్కడ తీస్తున్నావో విను. అది నేర్చుకున్నది, అంత తేలిగ్గా పోదు. విని పది రోజుల్లో చెప్పు. కాదంటే ఇంకొకళ్లని చూసుకుంటాను."

వినడమే కష్టమైంది. ఇంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే, చెవులకు బిరడాలు కొట్టుకుని కూర్చుంటే పిలిచిన మనిషి గోడతో మాట్లాడాలా అని అత్తగారు అడుగుతుంది. ఆమె పనిచేసే ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో బల్ల మీద నుంచి ఒకరు దిగకముందే మరొకరు చొక్కా విప్పుతుంటారు. "ఊపిరి పీల్చండి. బిగబట్టండి. ఇక వదలొచ్చు." రోజంతా ఆమె అనే మాటలివే. అందరి ఊపిరితిత్తులూ ఆమె చేతి మీదుగా వెళతాయి, ఫిల్ము కింద మాత్రం డాక్టరు సంతకం ఉంటుంది. ఫిల్ము బాగా వస్తే మిషను మంచిది, మసకగా వస్తే ఈమెకు పని రాదు. ఇక మిగిలింది కారు. భర్తను ఆఫీసు దగ్గర దింపాక, ఆసుపత్రి చేరేలోపు ఉన్న కాస్త దారి. పిలిచేవాళ్లు లేని చోటు ఆమె జీవితంలో అదొక్కటే.

పాడవద్దని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, ఆ అబద్ధం ఆడకూడదు. కొత్తలో వంటింట్లో కూనిరాగం తీస్తే, పాట వినబడిందంటే పొయ్యి మీద ఏదో మాడిందన్నమాటే అని అత్తగారు నవ్వింది. ఫోన్‌లో ఉన్నాను కాస్త ఆపుతావా అని భర్త చేత్తో సైగ చేశాడు. బాబుకు జ్వరం, బాబుకు నిద్ర, బాబుకు పరీక్షలు. అన్నీ న్యాయమైన కారణాలే. ఎవరు చెప్పినా 'ఇప్పుడు కాదు' అన్నారంతే. ఆ ఇప్పుడులన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరి పదిహేనేళ్లయ్యాయి. ఇప్పుడు బాబు హాస్టల్లో ఉన్నాడు, ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది, పాడే అలవాటే లేదు.

భర్త తీర్పుతో ఊరుకోకుండా, ఆసుపత్రి ఎదురు కొట్టులో ఒక చిన్న ట్రాన్స్‌మిటరు కొనుక్కుంది. సిగరెట్ లైటరు రంధ్రంలో గుచ్చి, దాని తీగను ప్లేయరుకు తగిలిస్తే, కారు రేడియోలో ఏ స్టేషనూ లేని నంబరు చోట పాట వస్తుంది. సిద్ధాంతం సవ్యంగానే ఉంది. ఊళ్లో మాత్రం ఖాళీ చోటు లేదు. తొలి రోజు భర్తను దింపి మళ్లీ ఇంజను స్టార్ట్ చేయగానే సన్నటి గొంతొకటి లేచింది, వీధి మలుపు తిరిగేసరికి పరుపుల ప్రకటన దాన్ని మింగేసింది. మర్నాడు క్రికెట్ వ్యాఖ్యానం. రెండు పదాలు పాట, నాలుగు పదాలు బేరం. తన గొంతును తనే పక్కింటి గోడ అవతల నుంచి విన్నట్టుంది.

కారు కదలకుండా ఉంటే ఏ స్టేషనూ అడ్డురాదని ఆమెకు తోచింది. మళ్లీ ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం భర్త పడుకున్నాక, గుడ్డ, బకెట్టు పట్టుకుని పోర్టికోలో ఉన్న కారులో కూర్చుని అద్దాలెక్కించుకుంది. ఈసారి పాట చివరిదాకా సాగింది. వెనక చినుకుల్లాంటి గరగర ఒకటే. ఎవరీ అమ్మాయి అనుకుంది మొదట. అంత ధీమాగా పైస్థాయికి వెళ్లి, తిరిగి దిగే దారి తనకు తెలుసన్నట్టు నిలబడిన ఈ అమ్మాయితో తనకు ముఖపరిచయం కూడా ఉన్నట్టు లేదు. కానీ టీచరు వినమన్నది దొరకలేదు. ఊపిరి తీసే చోటల్లా గరగర కమ్మేసింది. పొడిగా ఉన్న స్టీరింగును తుడుస్తూ కాసేపు కూర్చుంది.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు కబురు మోసుకొచ్చింది. ముందు గదిలో, పోర్టికో వైపు కిటికీ పక్కన ఆవిడ రేడియో ఉంటుంది. మధ్యాహ్నం స్టేషన్ కోసం మర తిప్పుతుంటే ఎవరో అమ్మాయి పాడుతోందట. "ఏం గొంతురా అది, తేనె పోసినట్టుంది. ఎవరి కూతురో, పెట్టి పుట్టింది" అని, కోడలి వైపు చూసి, "నువ్వూ ఏదో నేర్చుకున్నానంటావు, అలాంటివి వినొచ్చు కదమ్మాయ్" అంది.

భర్త చేయి కడుక్కుంటూ, అలాంటివాళ్లకి ఇంట్లో పని ఉండదులే అన్నాడు.

ఆమె గిన్నెలు తీసింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే రేడియో సంగతి వస్తుంది, కారు సంగతి వస్తుంది, కొట్టులో ఇచ్చిన డబ్బు సంగతి వస్తుంది. పాట సంగతి అట్టడుగున పడిపోతుంది. ఇన్నేళ్లలో తనకు దక్కిన మెచ్చుకోలు ఎవరి కూతురికో చేరింది. నిజానికి చేరవలసిన ఇంటికే వచ్చింది, తలుపు తీసేవాళ్లే లేరు.

మర్నాడు పొద్దున అత్తగారిని కళ్ల డాక్టరు దగ్గర దింపాలి. ఆవిడ వెనక కూర్చుంది, భర్త ముందు కూర్చున్నాడు, ఆమె స్టీరింగు ముందు. భర్త ఫోన్‌కి చార్జరు పెట్టబోతే నిన్న ఆమె తీయడం మరిచిన ట్రాన్స్‌మిటరు, ప్లేయరుతో సహా, లైటరు రంధ్రంలో తగిలింది. అదేమిటన్నాడు. చెప్పింది. అతను నవ్వాడు. "దీనికింత తంటాలెందుకు? మధ్య పెట్టెలో అడుగున ప్లేయరు కలిపే సాకెట్ ఉందిగా. కొన్నప్పట్నుంచీ ఉంది."

"కుదరదన్నారు కదండీ."

"ఉందంటే పొద్దున్నే నీ పాటలు మొదలవుతాయని అన్నాన్లే. పోనివ్వు, లేటవుతోంది."

ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ మాటలో పగ లేదు, కోపం లేదు. ఉంటే ఆమెకు సులువయ్యేది.

ఆమె కారు పోనివ్వలేదు. మధ్య పెట్టె మూత ఎత్తింది. కాగితాలంటే పెట్రోలు రసీదులు, గడువు తీరిన ఇన్సూరెన్సు, ఒక కాడ విరిగిన చలవ కళ్లద్దాలు. అన్నీ తీసి అతని ఒళ్లో పెట్టింది. అడుగున చిన్న రబ్బరు మూత, దాని కింద గుండ్రటి రంధ్రం. ట్రాన్స్‌మిటరు నుంచి తీగ కొస పీకి అందులో గుచ్చి, స్టీరియో మీద ఏ పనికీ రాదని ఇన్నాళ్లూ అనుకున్న మీట ఒకటి నొక్కింది. అప్పుడు గేరు వేసింది.

గరగర లేదు. పాట పక్కనే కూర్చుని పాడినట్టుంది. వీధి మలుపు తిరిగింది, ఏ పరుపులవాడూ అడ్డురాలేదు. భర్త చేయి మీట దగ్గరకు వెళ్లబోతే వెనక నుంచి అత్తగారు ఆపింది. "ఉండరా. నేను చెప్పిన అమ్మాయి ఇదే. ఎవరమ్మాయ్ ఈ పిల్ల?"

"నేనే అత్తయ్యా."

అద్దంలో ఆవిడ ముఖం కనిపించింది. నమ్మడానికి కొంత, ఒప్పుకోవడానికి మరికొంత సమయం తీసుకుంది. "నువ్వా. అయితే అప్పట్లో ఫరవాలేదన్నమాట."

నిన్న తేనె, ఈరోజు ఫరవాలేదు. గొంతు అదే, విన్న చెవులు అవే. మారింది చిరునామా ఒక్కటే. ఆమెకు బాధ కలగాలి; దానికి బదులు ఒక లెక్క తేలినట్టయింది. ఈ తూకంలో తన బరువు ఎన్నటికీ తేలదు, కనుక ఇక్కడ తూగనక్కర్లేదు.

"శనివారం సాయంత్రాలు కారు నేను తీసుకెళ్తాను. టీచరు తరగతి నేను చెబుతున్నాను" అంది.

"మరి వంట?" అన్నాడు భర్త, ఒళ్లో రసీదులు జారకుండా పట్టుకుంటూ.

పాటలో పల్లవి ముగిసింది. నిశ్శబ్దంలో ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయి ఊపిరి స్పష్టంగా వినబడింది. తొందర లేకుండా, అడుగు నుంచి నిండుగా. ఎందరికో బిగబట్టమని చెప్పిన ఆమె, సరిగ్గా అక్కడే ఊపిరి తీసుకుంది.

చరణం రెండు గొంతులు అందుకున్నాయి. ఒకటి కాస్త బొంగురుపోయింది. రెండూ ఆమెవే.