కుర్చీ వీపు మీద తువ్వాలు

నేను ఒక తెల్ల తువ్వాలుని. తుడవడానికే పుట్టినా ఏళ్ల తరబడి ఒక్క తడి చెయ్యి తుడిచిన పాపాన పోలేదు.

నన్ను నేసిన గౌరమ్మ మగ్గం మీంచి తీస్తూ, "ఏ పసిగుడ్డు ఒళ్లు తుడుత్తావో తల్లీ" అంది. యూనివర్సిటీ వాళ్లు కొనుక్కెళ్లి వైస్ ఛాన్సలర్ కుర్చీ వీపున పరిచారు. చెట్ల గురించి పాఠాలు చెప్పుకునే తవిటినాయుడు గారిని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన లేనప్పుడూ జనం వంగి దండాలు పెట్టేవారు. గుడ్డకి! సిగ్గుండక్కర్లేదూ?

పదవి గడువు తీరింది. నాయుడు గారు హాయిగా తన పాత వృక్షశాస్త్ర విభాగానికి బయల్దేరారు. ఆయన కంటే ముందే అక్కడి హెడ్డు సుగుణాకరం నన్ను తెప్పించి, స్టాఫ్ రూములో ఓ మూల కుర్చీకి కప్పాడు.

"ఫస్టియర్ క్లాసు నాకివ్వవయ్యా" అన్నారు నాయుడు గారు.

"భలేవారే సార్! వీసీ చేసినోరు సుద్దముక్క పట్టుకుంటే లోకం మా మొహాన ఉమ్మేస్తాది. మీరలా కూర్చోండి, అదే మాకు నిండు."

రోజూ ఆయన అడగడం, రోజూ వీడు ఇదే పాట. నన్ను చూసి పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయేవారు. టీ తాగుతూ నవ్వుకుంటున్న మేష్టర్లు ఆయన రాగానే లేచి చేతులు కట్టుకు నిలబడేవారు. ఇదా మర్యాద? చేతిలో పని లాక్కుని పీట వెయ్యడాన్ని మా నేతపేటలో వెలివెయ్యడం అంటారు. ఆయన కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక పొద్దున ఫస్టియర్ మేష్టరు రాలేదు. క్లాసులో గోల. నాయుడు గారు విసురుగా లేచారు. నన్ను కుర్చీ మీంచి లాగి భుజాన వేసుకుని నడిచారు. బోర్డు నిండా పాత రాతలు, డస్టరు లేదు. నన్ను ఉండచుట్టి తుడవడం మొదలెట్టారు.

సుగుణాకరం పరుగెత్తుకొచ్చాడు. "సార్! సార్! అది మీ కుర్చీ తువ్వాలండీ!"

"తుడవడానికి కాకపోతే మరెందుకయ్యా? కాస్త పక్కకి జరుగు, పిల్లలకి బోర్డు కనపడాలి."

పిల్లలు పకపకా నవ్వారు. ఆయన సుద్దముక్క అందుకుని ఒక ఆకు బొమ్మ గీశారు.

ఇప్పుడు బోర్డు పక్క గోడకున్న మేకు నా చోటు. నాకెవరూ దండం పెట్టరు. ఆయన నన్ను దులిపినప్పుడల్లా ముందు బెంచీ వాళ్లు తుమ్ముతారు.