ఇరవై ఎనిమిదో నంబరు

రేస్ ట్రాక్ చరిత్రను మైకులో చదువుతుంటే ట్వైలా పళ్లు బిగించింది. ఆ మట్టి ట్రాక్‌ను మొదట దున్నింది ఆమె తాత ఎమిల్ హ్రుస్కా. సొంత మొక్కజొన్న చేనులో, సొంత ట్రాక్టరుతో. పోయేదాకా ప్రతి శనివారం అక్కడ ఇరవై ఎనిమిదో నంబరు కారు తోలాడు. మైకులో ఆయన పేరే లేదు. అంతా స్ట్రౌడ్‌లే కట్టారట.

పైగా తాత నంబరుతో ఆమె ఇవాళ పందేనికి వస్తే, ట్రాక్ యజమాని గ్యారీ స్ట్రౌడ్ కొడుకు కోల్టన్ కారు మీద అదే నంబరు మెరుస్తోంది.

ఆ ఊళ్లో నంబరంటే ఇంటిపేరే. ఒకే నంబరుతో రెండు కార్లు వస్తే కొత్తవాళ్లు పక్కన ఎక్స్ గుర్తు అంటించుకోవాలి.

గ్యారీ నల్ల టేపు చుట్ట ఆమె మీదికి విసిరాడు.

"అంటించుకో పిల్లా. లేకపోతే ఇంటికి పో."

"అది... తాత నంబరు."

"ఏంటీ? గొంతులో బురద పోయిందా? గట్టిగా చెప్పు!" మెకానిక్కులు పకపకా నవ్వారు. "మీ తాతతోనే నంబరూ పోయింది. ట్రాక్ నాది, రూలూ నాదే."

ఇంటికి పోతే నంబరు శాశ్వతంగా పోయినట్టే. కారు తలుపు మీద నంబరు పక్కన టేపుతో ఎక్స్ అంటించింది.

తడిమట్టి మీద పందెం మొదలైంది. రెండో చుట్టుకే ఎక్స్ గుర్తు బురదలో మునిగిపోయింది. కోల్టన్ గెలిచాడు. ట్వైలా ఐదోది.

మంచె మీద చుట్లు లెక్కపెట్టే మేవిస్ ముసలమ్మ మాత్రం ఏళ్ల తరబడి అలవాటైన కేకే పెట్టింది. "గెలుపు ఇరవై ఎనిమిది! హ్రుస్కా!"

"కళ్లు పోయాయా ముసలీ? గెలిచింది నా కొడుకు!" గ్యారీ కింద నుంచి అరిచాడు.

"నాకు ఇరవై ఎనిమిదే కనబడింది. ఇరవై ఎనిమిదంటే హ్రుస్కాలే. నా మాట మారాలంటే ఆ పిల్లే వచ్చి గెలవలేదని చెప్పాలి. మీ నాన్న పెట్టిన రూలేగా!"

అందరూ ట్వైలా వైపు తిరిగారు. ఆమె తలుపు మీది టేపు పీకి గ్యారీ ముందు చాపింది.

"మీవాడి కారుకి అంటించండి. అప్పుడు చెప్తాను."

"ఎంత పొగరే నీకు!"

"నాన్నా, ట్రోఫీ పోతోంది, తీసుకో!" కోల్టన్ గింజుకున్నాడు.

గ్యారీ టేపు లాక్కున్నాడు. బురదకు అది అంటుకోలేదు. తన తెల్లచొక్కా చేతితోనే కొడుకు కారు తలుపు తుడిచి అంటించాడు.

"వచ్చేవారం మావాడు నిన్ను గోడకేసి కొడతాడు, చూసుకో."

"గోడ కూడా మా తాత కట్టిందే," అంది ట్వైలా. తర్వాత మంచె వైపు తలెత్తి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"మేవిస్ మామ్మా! గెలిచింది ఎక్స్!"