వరసలో కడవ

1965లో గుత్తి కోట కింది వీధికి ఒక్క బావే మిగిలింది. గంటకు పది కడవల నీళ్ళు ఊరేవి. అందుకని ఇంటికో కడవను తెల్లవారేసరికి వరసలో పెట్టి జనం పనులకు పోయేవారు. మనిషి లేకపోయినా కడవ ఉంటే వంతు పోదు. ఒకరి కడవను మరొకరు కదిలించరు.

ఆ వరసలో శ్రీరంగప్ప కడవ కూడా ఉండేది. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. చెవులు వినబడవు. ఇంగ్లీషులో ఎవరికి సందేహం వచ్చినా చీటీ రాసి ఆ కడవలో వేసి, పైన మూకుడు మూసేవారు. పక్కింటి మారెక్క వంతు రాగానే చీటీలు ఒడిలో పోసుకుని, కడవ నింపి ఆయన ఇంట్లో దించేది. మర్నాడు ఖాళీ కడవలో జవాబులు వచ్చేవి.

సిన్స్ ఎప్పుడు, ఫర్ ఎప్పుడు అని రైల్వే గుమాస్తా అడిగాడు. "వాన ఏ ఏడాది నిలిచిందో చెబితే సిన్స్. నిలిచి ఎన్నేళ్ళయిందో చెబితే ఫర్" అని చీటీ వెనక వచ్చింది. 'ఇట్ ఈజ్ రెయినింగ్' అంటే ఆ 'ఇట్' ఎవరని తిప్పమ్మ అడిగింది. "ఎవరూ కాదు. చోటు పోకుండా పెట్టిన మాట. వరసలో నీ కడవ మాదిరి" అని వచ్చింది.

తిప్పమ్మ గొర్రెలు కాసే చెన్నప్ప కూతురు. ఎస్సెస్సెల్సీ పాసై రెండేళ్ళుగా కరువు పనిలో కంకర కొడుతోంది. బళ్ళారిలో ఒక ఆసుపత్రి నర్సు ట్రైనింగుకు అర్జీలు పిలిచింది. సొంత చేత్తో ఇంగ్లీషులో రాయాలి. శనివారానికి చేరాలి. వచ్చే ఏటికి తిప్పమ్మకు వయసు దాటిపోతుంది. గురువారం పొద్దున ఆమె అర్జీని సిరాతో రాసి, తప్పులు చూడమని కడవలో వేసి పనికి పోయింది. సాయంత్రం సారు ఇంటికే పోయి తీసుకుని రైలుకు పంపాలి.

మధ్యాహ్నం వాన వచ్చింది.

మొదట దుమ్ము లేచింది. తర్వాత చినుకులు పడి ఒక్కో కడవ ఒక్కో రకంగా మోగింది. "మూకుళ్ళు తీయండే!" అని అరుస్తూ మారెక్క వరస పొడవునా పరుగెత్తి, కనబడిన మూకుడునల్లా తీసింది. కడవల్లో నీళ్ళు పెరిగేకొద్దీ మోత మారింది. కోట కనబడకుండా పోయింది. ఆడవాళ్ళు తడుస్తూ నిలబడ్డారు.

తిప్పమ్మ రోడ్డు పని నుంచి పరుగెత్తుకొచ్చేసరికి శ్రీరంగప్ప కడవ సగం నిండింది. చెయ్యి పెట్టి కాగితం తీసింది. ఒక్క అక్షరం లేదు. కాగితమంతా నీలం.

"ఏమే తిప్పీ, వానొస్తే ఏడుస్తాండావు? బుర్ర చెడిందా?" అంది మారెక్క.

"నా అర్జీ, అక్కా! మూకుడు ఎవరు తీసినారు?"

మారెక్క చేతిలో ఇంకా నాలుగు మూకుళ్ళున్నాయి. "నేనేనే. అన్నిట్తో పాటు దాన్నీ తీసేసినా. పా, సారు తావకు పోదాం."

శ్రీరంగప్ప అరుగు మీద కూర్చుని చూరు కిందికి చెయ్యి చాపి ఉన్నాడు. వాన ఆయనకు చేతికే తెలుస్తోంది. తిప్పమ్మ ఇచ్చిన కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. లోపలికి పోయి గీతల కాగితం, కలం తెచ్చాడు.

"రాయి."

'మీరు చెప్పండి సార్' అని ఆమె అరుగు మీదున్న పలక అందుకుని రాసి చూపింది.

"నేను చెప్తే నా అర్జీ అవుతాది. ఈ వయసులో నన్ను నర్సు చేస్తావా ఏమి?"

మారెక్క నవ్వింది. కాగితం మీద జల్లు పడకుండా కొంగు అడ్డం పట్టి నిలబడింది. తిప్పమ్మ రాసింది. రెండుచోట్ల ఆగింది. రెండుచోట్లా అడగకుండానే రాసింది.

శ్రీరంగప్ప చదివాడు. ఎర్ర పెన్సిల్ తీశాడు. మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

"ఒక తప్పుండాది. దిద్దితే మరక పడతాది. తిరగరాస్తే రైలు పోతాది. ఇట్లే పంపు."

'ఏది సార్?'

"వాళ్ళు రమ్మన్నాక అడుగు."

మారెక్క కవరును రెండు మూకుళ్ళ మధ్య పెట్టి గుడ్డతో కట్టింది. తిప్పమ్మ ఆ మూటను పొట్టకు పట్టుకుని స్టేషన్ దాకా రెండు మైళ్ళు వానలో నడిచింది. రైలు వచ్చాక మూట విప్పి, కవరును రైలుకున్న తపాలా పెట్టెలో వేసింది.

ఆ ఏటికి అదొక్కటే వాన. నెల తిరిగేసరికి వరస మళ్ళీ మొదలైంది. ఒక రోజు శ్రీరంగప్ప కడవలో పెన్సిల్ చీటీ ఉంది. "రమ్మన్నారు సార్. తప్పేదో ఇప్పుడు చెప్పండి."

మర్నాడు తిప్పమ్మ మూకుడు తీసి చీటీ తిప్పి చూసింది.

"మరచిపోయినాను. పోయి రా."